ఆడుటకొక చోటు

అమీర్‌పేటనుండి యూసుఫ్‌గూడ మీదుగా గాని, ఎర్రగడ్డ మీదుగా గాని షేరాటోలో బయలుదేరినవాడు చివరకు చేరుకొను ఇరుకు వీధుల సముదాయమే బోరబండ. సైటు-1, సైటు-2, సైటు-3 అని అంకెలతో పిలువబడు ఆ వాడలలో మేస్త్రీలు, ఆటో డ్రైవర్లు, దర్జీలు, దుకాణముల గుమాస్తాలు, ఇండ్లలో పనిచేసి బిడ్డలను చదివించుకొను తల్లులు కాపురముందురు. తెలుగును ఉర్దూయును ఒకే అరుగుమీద వినవచ్చును. తెల్లవారి ఆరుగంటల వేళ ఆ వీధులనుండి రెండు రకముల సంచులు బయలుదేరును. కంప్యూటరు కోర్సు నేర్చుకొనుటకై అమీర్‌పేటకు పోవునది మొదటిది. దాని తోవ అందరికిని తెలిసినదే, దానిని మోయువానికి ఇంటిల్లిపాది ఆశీర్వాదము కలదు. రెండవ సంచిలో ఒక జత స్టడ్స్, ఒక జెర్సీ, ఒక నీళ్ల సీసా ఉండును. దానిని మోయు బాలుడు నగరములోని ఏదో ఒక డిగ్రీ కళాశాల ఫుట్‌బాల్ జట్టులో సభ్యుడు. జట్టులో సభ్యుడే కాని, పెక్కుమారులు ఆటలో మాత్రము లేనివాడు. ఈ కథనము అతనిని గూర్చినది.

పదకొండుగురు ఆడు ఆటకు కళాశాలలు పద్దెనిమిదిమందిని, ఇరువదిమందిని ఎన్నుకొనుట వాడుక. పదకొండుగురు పోగా మిగిలినవారిని మన మైదానములలో ‘ఎక్స్‌ట్రా’ అందురు. ఎక్స్‌ట్రా అయినవాడు అందరితోపాటు చీకటితో లేచును, అందరితోపాటు మైదానము చుట్టును పరుగెత్తును, మ్యాచినాడు అందరితోపాటు జెర్సీ తొడిగి గీత కావల కూర్చుండి, ఎవరి కాలైన బెణికినచో తనకు పిలుపు వచ్చునేమోయని ఆటల శిక్షకుడైన పీడీ సారు ముఖమువంక చూచుచు, తోటివాడు గాయపడవలెనని తాను కోరుకొనుచున్నాడేమోయని తన మనస్సును తానే శంకించుకొనుచు తొంబది నిమిషములు గడపి, చెమట పట్టని జెర్సీని మడిచి ఇంటికి తెచ్చుకొనును. డిగ్రీ మూడేండ్లది. ఆ మూడేండ్లును ఇట్లే గడచిపోయినచో, పందొమ్మిది ఇరువది యేండ్ల వయస్సున కాలికి రావలసిన బలమును, ఆట నడుమ క్షణములో తీసుకొనవలసిన నిర్ణయమునకు కావలసిన తెలివియు ఆ బాలునికి మరల ఎన్నటికిని లభింపవు. ఏలనన, సాధనలో కాళ్లు మాత్రమే నేర్చును; ఎదుట గెలువగోరు ప్రత్యర్థి నిలిచినప్పుడుగాని బుద్ధి నేర్వదు. అట్టివాడు మరొక కళాశాలకో, మరొక క్లబ్బుకో, మరొక నగరమునకో పోయి ఆడుటకు చోటు వెదకుకొనుట న్యాయమా కాదా యను తర్కము నేడు దేశదేశముల సాగుచున్నది. న్యాయమేయని నా దృఢవిశ్వాసము. అంతే కాదు, ఫుట్‌బాల్ చరిత్రలో హైదరాబాదు పేరు నిలిపిన మహనీయులలో పెక్కుమంది అట్లు వెదకుకొనుచు పోయినవారే.

ఈ తర్కము మిక్కిలి తీవ్రముగ నడచుచున్న దేశము అమెరికా. అచ్చట ఫుట్‌బాల్ అనిన మన కాలిబంతి కాదు. కోలబంతిని చేతబట్టి పరుగెత్తుచు, విసరుచు ఆడు ఆట. ఆ ఆటకై అచ్చటి విశ్వవిద్యాలయములలో కొన్ని లక్షమంది కూర్చుండగల క్రీడాంగణములను కట్టుకొన్నవి. అగ్రశ్రేణి జట్టొక్కొక్కటి ఇటీవలివరకు 85మందికి విద్యార్థివేతనము లిచ్చుచుండెను. మైదానమున ఒకమారు నిలుచువారు 11మందే. అందులోను జట్టును నడపించు క్వార్టర్‌బ్యాక్ స్థానము ఒక్కటే. పూర్వము కళాశాల మారినవాడు ఒక సంవత్సరము ఆటకు దూరముగ ఉండితీరవలెను. పాత శిక్షకుడు సమ్మతింపనిచో కొత్తచోట విద్యార్థివేతనము దొరకుటయు దుర్లభమయ్యెడిది. 2018 అక్టోబరు 15న అచ్చటి కళాశాలల క్రీడాసంఘమైన ఎన్‌సీఏఏ ‘ట్రాన్స్‌ఫర్ పోర్టల్’ అను పట్టిక నొకదానిని తెరచి, శిక్షకుని అనుమతితో పనిలేకుండ ఆటగాడు తన పేరు వ్రాయించుకొను వీలు కల్పించెను. 2021లో మొదటిమారు మారువానికి ఆ సంవత్సరపు నిరీక్షణ తొలగినది. 2024లో, చదువులో వెనుకబడనివాడు ఎన్నిమారులైనను మారవచ్చునని ఒప్పుకొనిరి.

జో బరో అను యువకుడు ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున మూడేండ్లు ఇతరుల వెనుక వేచియుండి, ఆ స్థానము తనకు దక్కదని తేలినపిమ్మట, చేతికి వచ్చిన పట్టాతో 2018లో లూయిసియానా స్టేట్ విశ్వవిద్యాలయమునకు మారెను. మరుసటి సంవత్సరమే అతడు 60 టచ్‌డౌన్ పాసులు విసరి, తన జట్టు ఆడిన 15 పోటీలలోను గెలుపు తెచ్చి, ఉత్తమ క్రీడాకారునికిచ్చు హైస్మన్ పురస్కారము నందుకొని, 2020లో వృత్తిజట్ల ఎంపికయందు అందరికంటె ముందు పిలుపు పొందెను. ఒహాయోలో కూర్చున్నవాడును, లూయిసియానాలో గెలిచినవాడును ఒక్కడే, మారినది చోటు. ఇంతకంటెను నాకు ప్రీతిపాత్రమైనది జేలెన్ హర్ట్స్ వృత్తాంతము. 2018 జనవరి 8న జాతీయ అంతిమపోటీలో సగము ఆట ముగియగానే అలబామా శిక్షకుడు అతనిని తప్పించి మరొకనిని దింపగా, ఆ మరొకడే జట్టును గెలిపించెను. దేశమంతయు చూచుచుండగా జరిగిన ఆ పరాభవమును దిగమింగుకొని, హర్ట్స్ వెంటనే వెడలిపోక, మరొక యేడాది అచ్చటనే నిలిచి, చదువు పూర్తిచేసికొని, 2019లో ఓక్లహోమాకు మారెను. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా జట్టు వృత్తిజట్ల అంతిమపోటీయైన సూపర్ బౌల్ గెలిచినప్పుడు ఉత్తమ క్రీడాకారుడతడే. అయితే పోర్టల్‌లో పేరు వ్రాయించుకొని, ఏ కళాశాలయు పిలువక, ఉన్న విద్యార్థివేతనమునుకూడ పోగొట్టుకొన్న బాలురును అచ్చట కలరు. వారి పేర్లు పత్రికలలో రావు. తలుపు తెరచియుండుట వేరు, తలుపు కావల ఇల్లుండుట వేరు.

మన నగరమునకు వత్తము. హైదరాబాదు ఫుట్‌బాల్ అనగానే స్మరింపవలసిన నామము సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో ఈ నగరముననే జన్మించి, బడిపంతులుగ పాఠములు చెప్పి, 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, 1950నుండి సిటీ పోలీసు జట్టును, దానితోపాటే భారతజట్టును తీర్చిదిద్దిన ఆ మనీషి, 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణపతకములను, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమును దేశమునకు సంపాదించి, 1963 జూన్ 11న క్యాన్సరు వ్యాధితో గతించెను. అతని చేతికింద సిటీ పోలీసు జట్టు 1950నుండి 1954వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచినది. ఈ విజయములు అందరును ఎరిగినవే. రహీం సాహెబు చేసిన మరొక పని అంతగ ప్రచారము పొందలేదు. ప్రస్తుత విషయమునకు అదియే ముఖ్యము. ఉన్న పోటీలు పిల్లలకు చాలవని గ్రహించి ఆయన కొత్త పోటీలను సృష్టించెను. బంతిని కాలివద్ద నుంచుకొని డ్రిబ్లింగ్ చేయగూడదు, అందగానే తోటివానికి అందింపవలెనను నియమముతో ఒక పోటీ. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలెనను నియమముతో మరొక పోటీ. మొదటిదానిలో, సొగసుగ ఆడు మొనగాడు తన సొగసును పక్కనబెట్టక తప్పదు; రెండవదానిలో, కుడికాలి ప్రవీణుడును సామాన్యుడును ఇంచుమించు సమానులగుదురు. అనగా, మామూలు పోటీలో గీత కావల కూర్చుండవలసిన బాలునికి ఇచ్చట పదకొండుగురిలో స్థానము దొరకును. ఆటగాండ్రకు చోటు లేనప్పుడు ఆటగాండ్రను తగ్గించుట అందరును చేయు పని. ఆయన చోటును పెంచెను.

ఇచ్చట ఒక సంగతి చెప్పవలెను. ఆ దినములలో పెద్ద పోటీలయందు ఆట నడుమ మనిషిని మార్చు పద్ధతియే సాధారణముగ లేకుండెను. ప్రపంచకప్పులో సైతము మార్పిడికి తొలిసారి అనుమతి దొరకినది 1970లో. ఎముక విరిగినవాడు బయటికి పోయిన జట్టు పదిమందితోనే ఆడుచుండెను. కావున నేటి ఎక్స్‌ట్రా కూర్చుండు బెంచి, ఆట అంతటి ప్రాచీనమైనది కాదు. ఆ కాలపు బాలుడు జట్టులోనికి రానిచో మరొక జట్టును వెదకుకొనెడివాడు, ఆ మరొక జట్టు రెండు వీధులవతలనే దొరకెడిది.

సికింద్రాబాదు శివార్లలోని అమ్ముగూడలో పేద తమిళ కుటుంబమున పుట్టిన తులసీదాస్ బలరాం ఆ కాలపు బాలుడే. అతని ఆటను చూచి రహీం నగరమునకు రమ్మని పిలిచినప్పుడు, దినదినము అంతదూరము వచ్చిపోవుటకు డబ్బులేదని ఆ బాలుడు వెనుదీసెను. సైకిలు అద్దెకు రహీమే తన చేతినుండి డబ్బిచ్చెను. సికింద్రాబాదునుండి అద్దె సైకిలు త్రొక్కుకొనుచు వచ్చిన ఆ బాలుడు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సుకు పోయెను. రాష్ట్రజట్ల జాతీయపోటీయైన సంతోష్ ట్రోఫీని హైదరాబాదు గెలిచినప్పుడు జట్టులో నుండెను. 1957లో అతడు కలకత్తాకు పోయి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరెను. 1960 రోము ఒలింపిక్సులో హంగేరీపైని, పెరూపైని గోలులు కొట్టినవాడతడే. 1961లో ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్ అతడే. ఊపిరితిత్తుల వ్యాధివలన యౌవనముననే ఆట విడువవలసివచ్చినను, అతడు గంగ ఒడ్డున ఉత్తరపారాలోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూసెను. అతడు పోయిన పిమ్మటను హైదరాబాదు అతనిని తన బిడ్డయనియే చెప్పుకొన్నది. బెంగాలమును అట్లే చెప్పుకొన్నది. ఇరువురి మాటయు సత్యమే.

బలరాం తరువాత ఆ తోవ రాజమార్గమైనది. 1966లో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్‌లో చేరిరి. నయీముద్దీన్ నాయకత్వమున భారతజట్టు 1970 ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచినది. ఆ తరువాత దేశమునకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో పతకము రాలేదు. హబీబు తమ్ముడు అక్బర్ 1976లో మోహన్ బగాన్ పక్షమున ఆడుచు, ఈస్ట్ బెంగాల్‌పై ఆట మొదలైన 17 సెకండ్లకే గోలు కొట్టెను. 1974లో ఆసియా యువజన పోటీలో ఇరానుతో సమముగ విజేతగ నిలిచిన భారతజట్టుకు నాయకుడైన షబ్బీర్ అలీ బొంబాయికి పోయి, పిదప కలకత్తా చేరి మహమ్మడన్ స్పోర్టింగ్‌కు కీర్తి తెచ్చెను.

వీరందరిలోను హబీబు జీవితము క్లబ్బు మార్పులను గూర్చి తలచువారు ప్రత్యేకముగ చదువవలసినది. 1949లో హైదరాబాదున పుట్టి, పదునారు పదునేడేండ్ల ప్రాయమున ఇల్లు విడచిన అతడు, దాదాపు ఇరువది యేండ్లకాలములో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ అను మూడు క్లబ్బులమధ్య పలుమారులు అటునిటు మారెను. ఆ రోజులలో కలకత్తా బదిలీల ఋతువనిన సామాన్యము కాదు. ఆటగాడు స్వయముగ బెంగాలు ఫుట్‌బాల్ సంఘమైన ఐఎఫ్ఏ కార్యాలయమునకు వచ్చి పట్టికలో సంతకము చేసినప్పుడే అతడు ఏ క్లబ్బువాడో తేలును. కావున సంతకమువరకు ప్రత్యర్థుల కంటబడకుండ క్లబ్బులవారు అతనిని రహస్యముగ దాచి, సమయమునకు పరివారముతో తోడ్కొని వచ్చెడివారు. వీధినిండ అభిమానులు గుమిగూడెడివారు. మూడు క్లబ్బుల రంగులును తొడిగినను హబీబును ద్రోహియని ఎవరును అనలేదు. మూడు క్లబ్బులవారును ‘బడే మియా’ అనియే గౌరవించిరి. కారణము స్పష్టము. ఏ రంగు తొడిగినను ఆ తొంబది నిమిషములు అతడు ఆ రంగుకు తన సర్వస్వమును ఇచ్చెడివాడు. ఇతరులు బ్యాంకులలో, రైల్వేలలో ఉద్యోగములు చూచుకొనుచు ఆడుచుండగా, అతడు ఉద్యోగము వలదని ఆటనే వృత్తిగ చేపట్టెను. 1977 సెప్టెంబరు 24న పేలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చి మోహన్ బగాన్‌తో 2-2గ సమముగ ముగించినప్పుడు, మోహన్ బగాన్ రెండు గోలులలో ఒకటి ఈ హైదరాబాదువానిదే. 2023 ఆగస్టు 15న అతడు హైదరాబాదులోనే మరణించెను.

ఇట్లందరును పోవుటవలననే హైదరాబాదు ఫుట్‌బాల్ క్షీణించినదని పెద్దలు కొందరందురు. ఈ నగరపు ఆటగాండ్ర బలముతో 1956-57లోను, 1957-58లోను హైదరాబాదు పేరిట, 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరిట గెలిచిన సంతోష్ ట్రోఫీ తరువాత ఆ ట్రోఫీ ఈ వైపునకు మరల రాలేదనుట వాస్తవమే. 2024 డిసెంబరు 31న గచ్చిబౌలి మైదానమున ఆ ట్రోఫీ అంతిమపోటీ జరిగినప్పుడు ఆడినవారు బెంగాలు, కేరళ. మనము ఆతిథేయులము మాత్రమే. అయినను పోయినవారిమీద నెపము మోపుటకు నేనొప్పుకొనను. బలరాం పోయినపిమ్మటనే కదా 1957-58 సంతోష్ ట్రోఫీయు, 1961లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్పును మనవారు గెలిచినది! ఒకడు పోయిన మరొకడు వచ్చుటకు అప్పుడు వీధివీధిన క్లబ్బు ఉండెను, ఉద్యోగమిచ్చి ఆడించు సంస్థలు ఉండెను, ఏడాది పొడవున మ్యాచులుండెను. ఆ క్లబ్బులు మూతపడి, ఆ సంస్థలు ఆటగాండ్రకు ఉద్యోగములిచ్చుట తగ్గించి, మైదానములలో ఇండ్లు లేచినపిమ్మట, పోయినవాని స్థానము ఖాళీగ నిలిచిపోయినది.

ఇప్పటి బాలునికి వత్తును. బోరబండ అంచున, రాళ్లు ఏరి చదునుచేసిన ఒక మట్టి మైదానమున సాయంకాలపు ఆట చూచుచుండగా ఒక బాలుడు నా దృష్టి నాకర్షించెను. లెఫ్ట్ బ్యాక్ స్థానమున ఆడుచున్నాడు, సహజముగ ఎడమకాలివాడు. ఆ స్థానమునకు ఎడమకాలివారు దొరకుట అరుదని ఆట తెలిసినవారెరుగుదురు. ప్రత్యర్థి గీతవెంట దూసుకొని వచ్చినప్పుడు అతడు బంతికై తొందరపడక, శరీరమును కొంచెము వాలుగ నిలిపి, ప్రత్యర్థిని బయటివైపునకే త్రోసికొనిపోయి, అతని అడుగు ఒకటి పెద్దదైన క్షణమున మాత్రము కాలు చాచి బంతిని లాగుకొనుచుండెను. స్టడ్స్ మడమవద్ద చినిగి, నైలాను దారముతో కుట్టియున్నవి. ఆట ముగిసినపిమ్మట మాట కలిపితిని. మొదటి కళాశాలలో రెండేండ్లు ఎక్స్‌ట్రాగ ఉండెనట; అతని స్థానమున ఒక సీనియరు, ఆ సీనియరు పోయినపిమ్మట సీనియరు తమ్ముడు. ఆటో నడుపు తండ్రిని బ్రతిమాలుకొని, నగరమునకు ఆ కొసనున్న మరొక చిన్న కళాశాలకు మారెను. టీసీకై ఒక నెల తిరుగవలసివచ్చినది. కొత్త కళాశాలకు బస్సులో గంటకు పైగ పట్టును. ఎందుకింత శ్రమయని అడిగితిని.

“ఆడ జెర్సీ ఉండె గని ఆట లేకుండె సార్. ఈడ జెర్సీ మాసిపోతది,” అనెను.

పాత మిత్రులేమనిరని అడుగగా, కొంచెము తలవంచుకొని, “ముందుగాల మాట్లాడలే సార్. మ్యాచ్‌ల ఎదురుపడ్డంక వాళ్లే వచ్చి మాట్లాడిండ్రు,” అని, మరల మాట పొడిగింపక సంచి భుజమున వేసికొని వీధిలోనికి నడచిపోయెను. జెర్సీ నిజముగనే మాసియున్నది.

పీడీల పక్షమును వినకుండ తీర్పు చెప్పుట ధర్మము కాదు. వారి ఫిర్యాదు ఏమనగా: నేటి పిల్లలలో కొందరికి ఓర్పు లేదు, ఒక మ్యాచిలో కూర్చుండబెట్టిన మరునాడే టీసీ అడుగుదురు, తాము రెండేండ్లు శ్రమపడి తయారుచేసినవానిని పొరుగు కళాశాల ఫీజు మాఫీ ఆశచూపి తీసికొనిపోవును. ఈ ఫిర్యాదులో సత్యము లేకపోలేదు. తయారుచేసినవానికి ప్రతిఫలముండవలెనని అంతర్జాతీయ సంఘమైన ఫిఫా కూడ అంగీకరించి, బాలుని 12వ ఏటినుండి 21వ ఏటివరకు తీర్చిదిద్దిన క్లబ్బులకు, అతడు వృత్తి ఆటగాడైనప్పుడు, శిక్షణ పరిహారము చెల్లింపవలెనని నియమము పెట్టినది. కాని అదే ఫిఫా మరొక నియమమునుకూడ పెట్టినది. స్థిరపడిన వృత్తి ఆటగాడొకడు ఒక సీజనులో తన క్లబ్బు ఆడిన అధికారిక మ్యాచులలో పదింట ఒక వంతైనను ఆడనిచో, ఆ కారణముచేతనే ఒప్పందమును ముగించుకొని పోవుటకు అతడు అర్హుడు. లక్షల జీతము పుచ్చుకొనుచు కూర్చున్నవానికే, కూర్చుండబెట్టుట అన్యాయమని న్యాయశాస్త్రము ఒప్పుకొన్నప్పుడు, జీతము లేక, బస్సు ఖర్చులు తానే పెట్టుకొనుచు కూర్చున్న కళాశాల విద్యార్థికి ఆ హక్కు లేదనుట ఎట్లు?

అయితే హక్కు ఉన్నదని మొదటినాడే వాడుకొనుమని నేను చెప్పను. హర్ట్స్ చేసినట్లు ఒక యేడాది నిలుచుట మంచిది. ఆ యేడాదిలో పీడీ సారును సూటిగ అడుగవలెను: నాలో లోపమేమి? పరుగా, పాసా, బలమా? ఆయన చెప్పిన లోపమును దిద్దుకొనవలెను. స్థానము మార్చి చూడుమని కోరవలెను. వింగరుగ పనికిరానివాడు బ్యాక్‌గ రాణించుట ఫుట్‌బాల్‌లో సర్వసాధారణము. ఇంతయు చేసినపిమ్మటను రెండవ యేడు కూడ గీత కావలనే కూర్చుండవలసివచ్చినచో, లేచి పోవలెను. పోవునప్పుడు పాతవారిని నిందింపక, నమస్కరించి పోవలెను.

పోవుటకు మన బాలురకు నేడున్న చోట్లెన్ని? కొన్నేండ్లక్రితము ఈ ప్రశ్నకు ఆశాజనకమైన సమాధానమున్నట్లు తోచెను. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ విజేతయైనది. రెండేండ్లు తిరుగకమునుపే జీతములు అందక, 2024 జనవరి బదిలీల వేళ ఆటగాండ్రు గుంపులు గుంపులుగ విడచిపోయిరి. 2025లో ఆ క్లబ్బే పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. ఆటగాడు క్లబ్బు మారుటను తప్పుపట్టు లోకమున క్లబ్బే నగరము మారినది. ఆ క్లబ్బుకై గచ్చిబౌలి మైదానమున గొంతులు చించుకొని అరచిన అభిమానుల దుఃఖము నాకు బాగుగ తెలియును. శ్రీనిధి దక్కన్ ఎఫ్‌సీ మాత్రము నగరమున నిలిచి, 2022-23లోను, 2023-24లోను ఐ-లీగ్‌లో రెండవస్థానము పొందినది. నిజామాబాదు జిల్లాలోని ఒక తండానుండి వచ్చిన సౌమ్య గుగులోత్ ఆడుటకై కేరళకును, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకును, పిదప కలకత్తాకును పోవలసివచ్చినది. 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆ యేటి ఉత్తమ క్రీడాకారిణిగ ఎన్నుకొన్నది. ఒక తండా బాలిక జాగ్రెబ్‌వరకు పోయినది, సంతోషము. బోరబండ బాలుడు బోరబండకు గంట ప్రయాణములోనైనను ఆడుటకు చోటు దొరకవలెను కదా!

అంతర్ కళాశాల పోటీలు పెక్కు నాకౌట్ పద్ధతిలో నడచును. ఒక్క మ్యాచి ఓడిన కళాశాలకు ఆ యేటికి ఆట ముగిసినట్లే. ఏడాదిలో రెండు మూడు మ్యాచులే ఉన్నప్పుడు ఏ పీడీయైనను ఎక్స్‌ట్రాను దింపి ఓటమి తెచ్చుకొనుటకు సాహసింపడు. ఇది వ్యక్తుల దోషము కాదు, ఏర్పాటు దోషము. అదే పోటీని లీగు పద్ధతిలో నడిపినచో ప్రతి కళాశాలకు పది పన్నెండు మ్యాచులు దొరకును, ఒక మ్యాచి పోయినను కొంప మునుగదు, పద్దెనిమిదిమందియు ఆడుదురు. దానితోపాటు ప్రతి కళాశాల రెండవ జట్టునకు వేరొక పోటీ పెట్టవలెను. ఖర్చు ఎక్కువగునందురు. రెండు గోలుపోస్టులు, ఒక సున్నపు గీత, ఒక విజిలు, ఒక రిఫరీ: ఇంతకంటె చవుకగ నడచు క్రీడ మరొకటి నాకు కనబడదు. రహీం సాహెబు సంఘకార్యదర్శిగ బలహీనపు కాలి పోటీలు నడిపిన నాటికంటె నేడు మన కళాశాలలు పేదవి కావు.

ఇక కళాశాలల పీడీలకును, ప్రిన్సిపాళ్లకును నా విన్నపము రెండే మాటలు. ఆడుటకై మరొక కళాశాలకు పోదునని విద్యార్థి వచ్చి అడిగినప్పుడు, బకాయి లేనిచో, ఆ దినమే అతని టీసీమీద సంతకము చేయుడు. ఒక నెల ఆలస్యము చేసినచో ఒక సీజను పోవును, సీజనులు మూడే ఉన్న బాలునికి అది మూడవవంతు. రెండవది, 2022నుండి ఆట నియమములే ఒక మ్యాచిలో ఐదుగురిని మార్చుటకు స్థిరముగ అనుమతించుచున్నవి. ఈ యేటినుండి ప్రతి మ్యాచిలోను ఆ ఐదు మార్పులను పూర్తిగ వాడుడు.